ఆంటెనోర్‌కు క్షమాభిక్ష

కోవెంట్రీ తెలుగు సమితి జీవితకాల అధ్యక్షులు డాక్టర్ విజయకుమార్ గారు ప్రపంచంలో నియంతృత్వాన్ని అంతమొందించాలని నిర్ణయించుకున్నట్టు ఆదివారం ఉదయం వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది. ఆ గ్రూపులో మెసేజి పెట్టే అధికారం ఆయన ఒక్కరికే ఉంది కాబట్టి సభ్యులందరూ ఆ నిర్ణయాన్ని ఏకగ్రీవంగా చదివారు.

'నియంతృత్వం - హైతీ ప్రజలపై దాని చెరగని ప్రభావం' అనే అంశంపై సదస్సు జరుగుతుంది, భోజన సదుపాయం కలదు, చెప్పులు బయటే విడవాలి అని అందులో ఉంది.

హైతీయే ఎందుకు అని అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. కానీ నేను సమితి మైకు ఇన్‌ఛార్జిని. వైర్లు చుట్టుకుంటూ ఓ మూల నిలబడేవాణ్ణి కాబట్టి లోపలి సంగతులు కొన్ని నా చెవిన పడుతుంటాయి. బ్రిటన్‌లోని తెలుగు సంఘాల సమాఖ్య వారు ఈ ఏడు కొత్తగా ప్రజాస్వామ్య షీల్డు పెట్టారు. నియంతృత్వం మీద మంచి సదస్సు చేసి, తమ సంఘంలో ప్రజాస్వామ్యం ఉందని చూపించిన వారికి ఆ షీల్డు. స్టాన్‌మోర్ వాళ్ళు అప్పటికే చిలీని తీసేసుకున్నారు. బెల్‌ఫాస్ట్ వాళ్ళు రొమేనియాను బుక్ చేసుకున్నారు. పేరున్న నియంతలు అయిపోయారు. మన డాక్టరు గారు ఆలస్యంగా మేలుకున్నా, మిగిలిన వాళ్ళలోంచి మంచిదాన్ని ఏరుకున్నారు.

డాక్టరు గారి గురించి తెలియని వారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆయన మొదటిసారి ఎన్నికల్లో నిలబడి, ప్రత్యర్థిని ఓడించి, సక్రమంగా గెలిచారు. ఏటా ఎన్నికలంటే సభ్యులకు పార్కింగ్ దొరక్క ఇబ్బందవుతోందని గమనించి, జాలిపడి, పదవిని జీవితకాలానికి మార్చారు. అయినా ఆయన అంతటితో ఊరుకునే రకం కాదు. ఆ జీవితకాలాన్ని ఏటా సర్వసభ్య సమావేశంలో పెట్టి రెన్యూ చేయించుకుంటారు. ప్రజలంటే ఆయనకు అంత గౌరవం.

సన్నాహక సమావేశం డాక్టరు గారింటి కన్సర్వేటరీలో, అంటే పెరటి వైపు అద్దాల గదిలో, జరిగింది. టీ వచ్చింది. బిస్కట్లు వచ్చాయి. డాక్టరు గారు బిస్కట్ ముంచేదాకా ఎవరూ ముంచరు కదా, ఆ రోజు ఆయనకు షుగర్ ఎక్కువగా ఉందట, ముట్టుకోలేదు. ఎనిమిది మంది కమిటీ సభ్యులు చల్లారిన టీ ముందు దేశభక్తుల్లా కూర్చున్నారు.

"సదస్సుకి ఒక హైతీ మనిషి కావాలయ్యా. ఒరిజినల్," అన్నారు డాక్టరు గారు.

ప్రధాన కార్యదర్శి కిషన్‌రావు గారు హైదరాబాద్‌లో బ్యాంకు మేనేజరుగా చేసి, ఇక్కడ కూతురి దగ్గర స్థిరపడ్డారు. ఆయన లేచి నిలబడి మాట్లాడతారు. "సార్, కోవెంట్రీల హైతోళ్ళు యాడ దొర్కుతరు? జమైకాయన ఒకడున్నడు. మస్తు మాట్లాడతడు. ఫరక్ సమజైతదా ఎవరికన్న?"

నేను వైరు వదిలేసి, మా ఆవిడ పద్మినికి తెలిసినావిడ ఒకరున్నారని చెప్పాను. మాదాం ఇమ్మాకులా. హైతీలో పుట్టి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి రిటైరైంది. పద్మిని కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది ఆవిడే. మా వీధి చివరే ఉంటుంది.

"పాపం, అక్కడ వాళ్ళకి నోరెత్తే ఛాన్సే ఉండేది కాదుట. ఆవిడకి ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఫ్రీగా మాట్లాడమనండి. రాసింది మాత్రం ముందు నాకు చూపించమనండి," అన్నారు డాక్టరు గారు.

పద్మినీ నేనూ ఆవిడింటికి వెళ్ళాం. డెబ్భై ఏళ్ళ మనిషి, బొద్దుగా, నవ్వితే ఇల్లంతా కదిలేది. విషయం చెప్పగానే ఆవిడ నవ్వు ఆపి, వంటింట్లోకి వెళ్ళి సింకు కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడు మాటున కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడింది. పద్మిని నా వైపు చూసి ఏమీ అనొద్దని కళ్ళతోనే చెప్పింది.

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెబుతున్నాను. ఆవిడకి ఒక అన్న ఉండేవాడు. స్కూల్లో టీచరు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం నియంత మనుషుల జీపు వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకకూడదని వాళ్ళమ్మ ఒట్టు పెట్టించుకుంది. పలికితే మిగిలిన వాళ్ళ కోసం కూడా వస్తారు. ఆ పాలన పోయింది, నియంత తర్వాత గద్దెనెక్కిన అతని కొడుకూ దేశం విడిచి పారిపోయాడు. మాదాం తల్లిని తెచ్చి కోవెంట్రీలో పెట్టుకుంది. ఆ తల్లి ఈ ఇంట్లోనే కన్ను మూసింది, ఆ పేరు పలక్కుండానే.

"నాకు ఇరవై నిమిషాలు అక్కర్లేదు. ఒక్కసారి మైకులో, మనుషుల ముందు, మా అన్న పేరు చెప్పాలి. నేను పోయేలోపు. అంతే," అంది మాదాం.

నేను మైకు ఇన్‌ఛార్జినని, ఆ పని నా చేతుల్లోనే ఉందని గర్వంగా హామీ ఇచ్చాను.

బయల్దేరుతుంటే ఆవిడ అడిగింది. "మీ ప్రెసిడెంటు ఏం చేస్తాడు?"

"డాక్టరండీ."

"మందులిచ్చే డాక్టరా?"

"అవునండీ. మొదట ఎన్నికయ్యారు. ఇప్పుడు జీవితకాలం."

ఆవిడ వెళ్ళి కుళాయి ఇంకొంచెం తిప్పింది.

కార్యక్రమ వివరాలు ఖరారయ్యేకొద్దీ సదస్సు ప్రాముఖ్యత పెరిగింది. జ్యోతి ప్రజ్వలన, డాక్టరు గారి పరిచయం, డాక్టరు గారి జీవితంపై స్లైడ్ షో, ఆ స్లైడ్ షోపై డాక్టరు గారి స్పందన, నియంతృత్వంపై డాక్టరు గారి ప్రసంగం, నియంతృత్వంపై ప్రసంగించినందుకు డాక్టరు గారికి సన్మానం. మాదాం ఇరవై నిమిషాలు పదయ్యాయి, పది ఐదయ్యాయి. చివరికి 'టైముంటే' అయ్యాయి. నేను కిషన్‌రావు గారితో ఒక మాట అన్నాను.

"ఆవిడ రెండు మాటలే చెబుతుందండీ. అన్నగారి పేరు."

"ప్రోగ్రాంల ఆమె అన్న పేరు లేదు కదనయ్య. కొత్త ఐటెం అంటే సార్‌ను అడగాలె. సార్‌ను ఎవరడగాలె?"

ఎవరు అడగాలో నాకూ తెలియలేదు.

ఆ లోటు తీర్చడానికా అన్నట్టు కిషన్‌రావు గారు ఒక గొప్ప ఆలోచన చేశారు. అతిథిని ఆవిడ సొంత దేశపు సంప్రదాయ దుస్తుల్లో స్వాగతించాలి. ఫోన్‌లో వెతికితే హైతీవాళ్ళ పాత ఫొటో ఒకటి దొరికింది. నీలం డెనిమ్ చొక్కాలు, మెడకి ఎర్ర గుడ్డ, నల్ల కళ్ళద్దాలు, భుజానికి అల్లిన సంచి.

"చూడుండ్రి, అందరు ఒక్క తీర్గనే ఉన్నరు. అంటే ఇది వాళ్ళ నేషనల్ డ్రెస్ అన్నట్టు," అన్నారాయన. "వెనకాల పబ్లిక్ చూడు, ఎంత ఒద్దికగ నిలబడ్డరో. పద్ధతిగల్ల దేశమయ్య."

వాలంటీర్ అంకుల్స్ పన్నెండు మందికి చొక్కాలు తెప్పించారు. ప్రభావతి ఆంటీ పాత పట్టుచీర అంచు కోసి ఎర్ర రుమాళ్ళు కుట్టింది. సంచుల్లో స్వాగతానికి అరటిపళ్ళు పెట్టారు.

సదస్సు రోజున కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. సమాఖ్య నుంచి షీల్డు పరిశీలకురాలు పుష్పలీల గారు మొదటి వరసలో ఫైలు పట్టుకుని కూర్చున్నారు. డాక్టరు గారు ప్రవేశించారు. అందరూ లేచారు. ఆయన కూర్చున్నారు. అందరూ కూర్చున్నారు. ఆయన కళ్ళజోడు మర్చిపోయి లేచారు. అందరూ మళ్ళీ లేచారు.

అప్పుడే పద్మిని చేయి పట్టుకుని మాదాం ఇమ్మాకులా వచ్చింది. పసుపు గౌను, తెల్ల టోపీ, చేతిలో చిన్న బ్యాగు. తలుపు తెరవగానే రెండు వరసల్లో పన్నెండు మంది అంకుల్స్, నీలం చొక్కాలు, ఎర్ర గుడ్డలు, నల్లద్దాలు. అందరూ ఒక్కసారి సంచుల్లో చేతులు పెట్టారు, అరటిపళ్ళ కోసం.

మాదాం చేతిలోంచి బ్యాగు జారిపోయింది. తర్వాత నిటారుగా నిలబడి, ముఖమంతా నవ్వు పులుముకుని, హాలు దద్దరిల్లేలా అరిచింది. "వివ్ ల ప్రెసిదాన్ ఆ వీ!"

"ఏమందయ్యా?" అడిగారు డాక్టరు గారు.

"జీవితకాల అధ్యక్షుడు వర్ధిల్లాలి అందండీ," అంది ఆవిడ దగ్గర కొంచెం ఫ్రెంచి నేర్చుకున్న పద్మిని.

డాక్టరు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "మనం చెప్పలేదు కదా ఆవిడకి! చూశావా, మంచి పేరు ఎంత దూరం పోతుందో!" చప్పట్లు మార్మోగాయి. ఆయన కుమారుడు, సమితి ఉపాధ్యక్షుడు ఆదర్శ్ అప్పటికి ఫోన్‌లో వీడియో ఆన్ చేసుకోలేదు. అందుకని ఇంకోసారి అనమని అడిగాడు. ఆవిడ ఇంకోసారి అంది. మొదటిసారి కన్నా బాగా అంది.

పద్మిని ఆవిడని పక్కనున్న కిచెన్‌లోకి తీసుకెళ్ళింది. వెనకే వెళ్ళాను. పద్మిని ఏమీ అడక్కుండా కుళాయి తిప్పింది.

"ఎవరు వాళ్ళు?" అంది మాదాం.

"ఎవరూ కాదమ్మా, మా అంకుల్స్."

"జీపుల్లో వచ్చే ఆ నియంత మనుషులవీ ఇవే బట్టలు. వాళ్ళనీ అంకుల్స్ అనే పిలిచేవాళ్ళం," అంది ఆవిడ. "పిల్లల్ని సంచిలో వేసుకుపోయే అంకుల్ ఒకడు మా కథల్లో ఉండేవాడు. ఆ పేరే వాళ్ళకి పెట్టాం."

పద్మిని నా మీద విరుచుకుపడింది. "ఏం చూస్తున్నారు? వెళ్ళి ఆ అద్దాలు, గుడ్డలు తీయమనండి ముందు!"

నేను పరుగున కిషన్‌రావు గారి దగ్గరికి వెళ్ళాను. సార్ చెప్పందే తీయలేమన్నారాయన. సార్ ఏమో స్టేజీ మీద ఉన్నారు. తిరిగొచ్చి ఇంటికి తీసుకెళ్ళిపోమని పద్మినితో అన్నాను. మాదాం తల అడ్డంగా ఊపింది.

"చెప్పే వెళతాను," అంది.

స్టేజీ మీద డాక్టరు గారి ప్రసంగం మొదలైంది. కిషన్‌రావు గారు ఇంటర్నెట్ చూసి రాసిపెట్టిన కాగితాలవి. డాక్టరు గారు ముందుగా చదువుకోరు. ప్రజలతో పాటే తెలుసుకోవడం ఆయన పద్ధతి.

"హైతీ నియంత వృత్తిరీత్యా డాక్టరు," అని చదివి ఆగారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కిషన్‌రావు గారు కొట్టారు. అందరూ కొట్టారు.

"మొదట ఎన్నికై, తర్వాత జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నాడు." చప్పట్లు పెరిగాయి.

"దానికోసం పెట్టిన ఓటింగులో బ్యాలెట్ల మీద 'సరే' అని ముందే అచ్చువేసి ఉంచాడు." ఇక్కడ వెనక వరసలో ఎవరో ఈల వేశారు.

"తర్వాత పంతొమ్మిదేళ్ళ కొడుకుకి పదవి అప్పగించాడు." ఆదర్శ్ లేచి నమస్కారం చేశాడు.

డాక్టరు గారు మంచినీళ్ళు తాగి, కిషన్‌రావు గారి వైపు వంగి గుసగుసగా అడిగారు. మైకు నేను మంచిదే కొన్నాను, హాలంతా వినబడింది. "అంతా బానే చేశాడు కదయ్యా. తప్పు ఏ పేజీలో ఉంది?"

"తర్వాత పేజీల సార్. ప్రింటర్ల ఇంకు అయిపోయింది."

"అయితే మరీ అంత తప్పయ్యుండదులే," అని ఆయన ప్రసంగం ముగించారు. సన్మానం జరిగింది. సన్మానానికి కృతజ్ఞతలు జరిగాయి. నేను గడియారం వైపు చూస్తూనే ఉన్నాను. ఐదింటికి హాలు ఖాళీ చేయాలి, ఆ తర్వాత జుంబా డ్యాన్సు క్లాసు ఉంది. జుంబా వాళ్ళు అప్పటికే నీళ్ళ సీసాలతో తలుపు దగ్గర నిలబడ్డారు. మాదాం ఐటెంని కిషన్‌రావు గారు పెన్నుతో కొట్టేశారు.

నిజం చెప్పాలంటే నాకు చాలా సిగ్గేసింది. హాలు అద్దె కలిసొస్తుందని సర్వసభ్య సమావేశాన్నీ ఆ రోజే పెట్టారు కాబట్టి ఇక మిగిలింది ఒక్కటే, జీవితకాల అధ్యక్షత రెన్యువల్ తీర్మానం. దానికి సమితి నిబంధనావళిలో ఒక పద్ధతి ఉంది. అభ్యంతరం ఉన్నవారు మైకు దగ్గరికి వచ్చి తమ పేరు చెప్పాలి. ఎవరైనా రావడానికి వీలుగా నేను మైకు చేతిలో పట్టుకుని పది లెక్కపెట్టాలి. ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. ఈ మధ్య నేను ఆరు నుంచి మొదలుపెడుతున్నాను.

"అభ్యంతరం ఉన్నవారు వచ్చి పేరు చెప్పండి," అన్నాను. పుష్పలీల గారి ఇంగ్లీషు ఫైలు కోసమని ఇంగ్లీషులో కూడా అన్నాను. నియంతృత్వంలో పెరిగినవాళ్ళకి చెవులు చురుకు.

కిచెన్‌లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

మాదాం ఇమ్మాకులా తలుపు దగ్గర కనబడింది. స్టేజీ దాకా దారికి రెండు వైపులా అంకుల్స్ ఉన్నారు. ఆవిడ వాళ్ళ మధ్య నుంచి నడిచింది, ఒక చేత్తో పద్మినిని పట్టుకుని, ఇంకో చేత్తో టోపీని. పక్కకి చూడలేదు.

"పేరా?" అని నన్నడిగింది.

"పేరేనండీ," అన్నాను.

మైకు అందుకుంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అరవై ఏళ్ళుగా నోట్లో దాచుకున్న పేరు, వెంటనే ఎలా వస్తుంది?

"ఆంటెనోర్ దెజీర్," అంది చిన్నగా. మళ్ళీ అంది, గట్టిగా. మూడోసారి హాలు చివర జుంబా వాళ్ళకి కూడా వినబడేలా పిలిచింది, ఇంట్లోంచి అన్నని భోజనానికి పిలిచినట్టు. మైకు నా చేతిలో పెట్టి, పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పద్మినీ ఏడ్చింది. నేను వైరు చుట్టాను.

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒకటే అర్థమైంది: అభ్యంతరం వచ్చింది.

"ఒక్క అభ్యంతరంతో తీర్మానం నెగ్గింది," అని కిషన్‌రావు గారు ప్రకటించారు. "అభ్యంతరం చెప్పినవారు శ్రీ ఆంటెనోర్ దెజీర్."

ఆ పేరు ఎవరిదో నాకు తెలుసు. కానీ నన్నెవరూ అడగలేదు. అడక్కుండా మాట్లాడటం సమితి సంప్రదాయం కాదు.

పది రోజుల్లో షీల్డు మనకే వచ్చింది. చిలీ సదస్సులోనూ రొమేనియా సదస్సులోనూ ఒక్క అభ్యంతరం కూడా నమోదు కాలేదని, కోవెంట్రీలో మాత్రం సజీవమైన ప్రతిపక్షం ఉందని పుష్పలీల గారు నివేదిక ఇచ్చారు. డాక్టరు గారు షీల్డు అందుకుంటూ ప్రజాస్వామ్యం వర్ధిల్లాలన్నారు. దిగి వచ్చి, కిషన్‌రావు గారి చెవిలో, "ఎవడయ్యా ఈ ఆంటెనోర్? పట్టుకోండి," అన్నారు.

ఈలోగా ఆంటెనోర్ పని ఆంటెనోర్ చేసుకుపోతున్నాడు. ఉగాదికి పులిహోరలో ఉప్పు తగ్గిందని ఒక చీటీ వచ్చింది, కింద ఆంటెనోర్ అని సంతకం. స్లైడ్ షో కుదించాలని ఇంకో చీటీ, అదే సంతకం, చేతిరాత వేరు. ఎవరినైనా "హాలు చల్లగా ఉందన్నది నువ్వేనా?" అని అడిగితే, "నేను కాదండీ, ఆంటెనోర్ గారు" అని తడుముకోకుండా చెబుతున్నారు. ఆయన గుంటూరువాడని కొందరు, కాదు నిజామాబాద్ అని కొందరు. ప్రభావతి ఆంటీ అయితే సూపర్‌మార్కెట్‌లో కరివేపాకు దగ్గర స్వయంగా చూశానంది. పొడగరి, మంచి మనిషట.

ఇక డాక్టరు గారికి నిద్ర పట్టలేదు. శనివారం మధ్యాహ్నం కిషన్‌రావు గారు ఇద్దరు అంకుల్స్‌ని వెంటబెట్టుకుని మాదాం ఇంటికి బయల్దేరారు. దారి చూపించడానికి నేను. అంకుల్స్ ఆ చొక్కాలూ ఎర్ర గుడ్డలూ నల్లద్దాలతోనే వచ్చారు. ఎండ లేదు. అలవాటైపోయింది.

మాదాం తలుపు తీసింది. ఈసారి అరవలేదు, నవ్వలేదు. తలుపు బార్లా తెరిచి నిలబడింది. వంటింట్లో కుళాయి చప్పుడు లేదు.

"మేడం, ఆంటెనోర్ ఎక్కడున్నాడు?" అని కిషన్‌రావు గారు బ్యాంకు ఇంగ్లీషులో అడిగారు.

ఆవిడ ముఖం మారిపోయింది. "ఈ ప్రశ్న ఎవరైనా వచ్చి అడుగుతారని మా అమ్మ చచ్చిపోయేదాకా చూసింది," అంది. "లోపలికి రండి. కూర్చోండి. కాఫీ పెడతాను."

కూర్చున్నాం. ఆవిడ చెప్పింది. తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడట ఆ రోజు. నల్లబల్ల తుడుస్తున్నాడట. జీపు వచ్చిందట. చేతికి సుద్ద అంటుకునే ఉందట. అంతా చెప్పి, తీసుకెళ్ళినవాళ్ళు ఇలాగే ఉన్నారని అంకుల్స్ వైపు చేయి చూపించింది. ఒక అంకుల్ ఎర్ర గుడ్డ లాక్కుని సర్దుకున్నాడు.

కిషన్‌రావు గారు చెమట తుడుచుకుని ఫోన్ తీశారు. అలవాటు కొద్దీ స్పీకర్‌లో పెట్టారు.

"సార్, ఆంటెనోర్‌ను పట్కపోయిన్రట సార్."

"ఎవరు?"

"డ్రెస్సు జూస్తే మనోళ్ళే అంటున్నది సార్."

అవతలి డాక్టరు గారిది పెద్ద మనసు. "నేను చెప్పకుండానే పట్టుకున్నారా? సర్లే, షీల్డు వచ్చేసింది కదా. క్షమించానని చెప్పి వదిలెయ్యమను. ఇవాళే."

ఫోన్ పెట్టేశారు. ఏమన్నారని మాదాం నన్నడిగింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మా ప్రెసిడెంటు గారు మీ అన్నని క్షమించారు, ఇవాళే వదిలెయ్యమన్నారు.

ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది.

"ఎన్నింటికి వస్తాడు?" అంది.

కిషన్‌రావు గారు వాచీ చూసుకున్నారు.